మీకు తెలుసా? మేనమామ ఇస్తే పన్ను లేదు, మేనల్లుడు ఇస్తే ఉంది!

పర్సులో పాన్ కార్డు ఉందా? ఒక్కసారి బయటికి తీయండి! అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం 10 కనిపిస్తాయి. మొదటి మూడూ వదిలేయండి. నాలుగోది చూడండి. అది ‘పి’ అయి తీరాలి! పి అంటే పర్సన్, మామూలు మనిషి అని. కంపెనీ కార్డులో అదే చోట ‘సి’ ఉంటుంది. ట్రస్టు కార్డులో ‘టి’!

ఇప్పుడు అయిదోదానికి రండి. అది మీ ఇంటిపేరు మొదటి అక్షరమేనా? కాకపోవచ్చు! దరఖాస్తులో ‘చివరి పేరు’ అన్న గడిలో ఏది రాస్తే దాని మొదటి అక్షరమే అక్కడ పడుతుంది. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది! అందుకే ఒకే ఇంట్లో నాన్న కార్డు మీద ఇంటిపేరు అక్షరం, కొడుకు కార్డు మీద రెడ్డిలోని ‘ఆర్’ ఉండొచ్చు. రెండూ చెల్లుతాయి. కంగారు పడి రెండో కార్డు తీసుకున్నారో, జరిమానా 10,000 రూపాయలు!

12 లక్షల దాకా పన్ను లేదని అందరికీ తెలుసు. 2025 ఏప్రిల్ 1 తర్వాతి సంపాదనకు కొత్త విధానంలో ఇది నిజమే. జీతగాళ్లకైతే మరో 75,000 కలిపి 12,75,000 దాకా సున్నా! కానీ రిటర్న్ వేయాల్సిన హద్దు 12 లక్షలు కాదు. 4 లక్షలు! ఆదాయం 4 లక్షలు దాటితే, కట్టాల్సింది ఏమీ లేకపోయినా రిటర్న్ వేయాల్సిందే. మన ఊళ్లలో ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే!

సరే, 12 లక్షల మీద 10,000 ఎక్కువ వచ్చింది. శ్లాబుల ప్రకారం పన్ను 61,500! పదివేలు సంపాదించిన పాపానికి అరవై వేలు కట్టాలా? అక్కర్లేదు! హద్దు దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ ఉండకూడదని చట్టంలోనే ఉంది. కట్టేది 10,000, దాని మీద 4 శాతం సెస్సు. అంతే! నాకైతే చట్టం మొత్తంలో ఎంతో న్యాయంగా తోచే లెక్క ఇది.

ఇప్పుడు ప్రొద్దుటూరు బట్టల బజారుకు పోదాం. పక్కపక్కనే రెండు దుకాణాలు. ఇద్దరికీ ఏడాది అమ్మకం సరిగ్గా 2 కోట్లు. ఇద్దరికీ వేరే ఆదాయం లేదు. ఒకాయన గల్లాలో అన్నీ నోట్లే. ఇంకొకాయన బల్ల మీద క్యూఆర్ కోడ్ బొమ్మ. పద్దుపుస్తకాలు రాయని చిన్న వ్యాపారి లాభాన్ని ప్రభుత్వం ఒక అంచనాతో లెక్కేస్తుంది. నోట్ల అమ్మకానికి 8 శాతం, ఫోన్‌పే, బ్యాంకు ద్వారా వచ్చినదానికి 6 శాతం! అంటే నోట్లాయన ఆదాయం 16 లక్షలు, పన్ను 1,24,800. క్యూఆర్ కోడ్ ఆయన ఆదాయం 12 లక్షలు. ఆయన పన్ను ఎంతో తెలుసా? సున్నా! అమ్మిందీ ఒకటే, అమ్మిన బజారూ ఒకటే! అసలు లాభం అంచనా కంటే ఎక్కువ వస్తే మాత్రం ఆ ఎక్కువే చూపించాలి. అది మరవద్దు.

సిమెంటు లారీల లెక్క ఇంకా తమాషా! జమ్మలమడుగు, యర్రగుంట్ల రోడ్ల మీద పగలూ రాత్రీ కనిపించే లారీలే. 12 టన్నులు దాటిన లారీకి, బండితో సహా మొత్తం బరువులో టన్నుకు నెలకు 1,000 రూపాయలు ఆదాయం కింద కడతారు. కిరాయి ఎంత వచ్చిందో అడగరు! డీజిలు బిల్లులు అడగరు! 28 టన్నుల లారీ అయితే నెలకు 28,000. ఏడాదికి 3,36,000. అలాంటివి మూడున్నా 10,08,000 మాత్రమే. వేరే ఆదాయం లేకపోతే కొత్త విధానంలో కట్టాల్సిన పన్ను సున్నా!

ఒక్క చిక్కుంది. ఆ లారీ షెడ్డులో నిలబడినా నెల నెలే! అది మీ పేరు మీద ఉన్నంత కాలం మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఈ సౌకర్యం కూడా 10 లారీల దాకే. ఏడాదిలో ఎప్పుడు పదకొండోది కొన్నా, ఆ ఏడాది మొత్తానికీ పుస్తకాలు రాయాల్సిందే!

పులివెందుల అరటి తోటకు రండి. గెల అమ్మితే పన్ను ఎంత? సున్నా! కోటి రూపాయల గెలలు అమ్మినా సున్నానే. తోటను గుత్తకిచ్చి ఏటా డబ్బు తీసుకున్నా అది వ్యవసాయ ఆదాయమే. అదే అరటికాయను చిప్స్ చేసి పొట్లం కట్టారో, అది వ్యాపారం! చీనీకాయలు అమ్మితే వ్యవసాయం. రసం తీసి సీసాలో పోస్తే వ్యాపారం!

శెనక్కాయల కథ మరీ వింత. కాయలు కొట్టి, ఎండబోసి అమ్మినంతవరకూ పన్ను మాట లేదు. సొంత కాయలే గానుగాడించి నూనె అమ్మితే ఆదాయం 2 ముక్కలవుతుంది! కాయల బజారు ధర వరకూ వ్యవసాయం. ఆ పైన వచ్చిన లాభం వ్యాపారం.

ఇంకొకటి. పొలంలో పెంచిన గడ్డి అమ్మితే పన్ను లేదు. ఆ గడ్డి తిన్న బర్రె పాలు అమ్మితే ఆ లాభం లెక్కలోకి వస్తుంది! పాడి, కోళ్లు వ్యవసాయం కిందికి రావు. నర్సరీ మొక్కలు మాత్రం వస్తాయి. నేలలో కాకుండా కవర్లలో పెంచినా సరే!

టీచరు గారూ, మీకు పొలం ఉందా? అయితే ఇది మీకే! జీతగాళ్లు వేసే సులువు ఫారం ఐటీఆర్-1లో వ్యవసాయ ఆదాయం 5,000 దాకే చూపించవచ్చు. ఒక్క రూపాయి పెరిగినా ఐటీఆర్-2కు పోవాలి! పన్ను లేని ఆదాయాన్ని కూడా రిటర్న్‌లో రాయాలి.

ఇక నన్నెంతో ఆశ్చర్యపరిచిన సంగతి! పొలం అమ్మితే పన్ను పడుతుందా? అది మీ పొలం ఏ ఊరి పక్కన ఉందో చూసి చెప్పాలి! పల్లెలోని వ్యవసాయ భూమి అమ్మితే లాభం మీద పన్ను లేదు. కానీ పల్లె అంటే ఎంత దూరం? జనాభా లక్ష దాటి, 10 లక్షలు మించని మున్సిపాలిటీ అయితే దాని హద్దు నుంచి 6 కిలోమీటర్ల అవతల. లక్ష లోపు అయితే 2 కిలోమీటర్లు దాటితే చాలు!

ఇప్పుడు మన మూడు ఊళ్లనూ చూడండి. 2011 జనగణనలో ప్రొద్దుటూరు లక్ష దాటింది. పులివెందుల, జమ్మలమడుగు దాటలేదు. అంటే పులివెందుల హద్దుకు 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న చీనీ తోట అమ్మితే పన్ను సున్నా! ప్రొద్దుటూరు హద్దుకు అదే 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న వరి మడి అమ్మితే లాభానికి పన్ను! చుట్టుపక్కల వేరే మున్సిపాలిటీ ఏదీ దగ్గరగా లేకపోతే లెక్క ఇదే.

ఆ దూరం రోడ్డు మీద కొలవరు! కాకి ఎగిరినట్టు నేరుగా కొలుస్తారు. మలుపులు తిరుగుతూ బండి మీద 7 కిలోమీటర్లు వచ్చినా, నేరుగా 5 అయితే 5 కిందే లెక్క. అమ్మే ముందు సర్వే మ్యాపు మీద ఒకసారి కొలిపించండి. లక్షల తేడా వస్తుంది! పన్ను పడే పొలమైనా ఒక దారి ఉంది. రెండేళ్లుగా సాగులో ఉన్న పొలం అమ్మి, 2 ఏళ్లలోపు ఆ లాభంతో మళ్లీ పొలమే కొంటే ఆ మేరకు పన్ను తప్పుతుంది!

గండికోట జలాశయం 26.85 టీఎంసీల నీళ్లు పట్టే గిన్నె. జలాశయాలకూ ఫ్యాక్టరీలకూ భూమి ఇచ్చినవాళ్లు ఈ కడప జిల్లాలో ఎందరో! వాళ్లు తెలుసుకోవాల్సిన మాట ఇది. 2013 భూసేకరణ చట్టం కింద వచ్చిన పరిహారానికి ఆదాయపు పన్ను లేదు. కానీ ఆ డబ్బును బ్యాంకులో డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ మాత్రం ఆదాయమే!

ఇప్పుడు అసలు మజా. పెళ్లి చదివింపుల పుస్తకం తీయండి! ఎరుపు అట్ట, పసుపు బొట్టు, లోపల పేర్లూ అంకెలూ. పెళ్లికొడుకు, పెళ్లికూతురికి వచ్చిన ఆ మొత్తం మీద పన్ను ఎంత? సున్నా! చుట్టం చదివించినా, స్నేహితుడు చదివించినా, ముక్కూమొహం తెలియనాయన చదివించినా సున్నానే. హద్దే లేదు!

అదే పుస్తకం ఓణీల ఫంక్షన్‌లో రాస్తే? పంచెకట్టులో? గృహప్రవేశంలో? ఆ మాఫీ వర్తించదు! చట్టం ఒక్క పెళ్లికే మినహాయింపు ఇచ్చింది. మిగతా వేడుకల్లో బంధువులు కానివాళ్ల దగ్గర నుంచి ఏడాదిలో వచ్చింది 50,000 దాటితే లెక్కలోకి వస్తుంది. దాటిన ముక్క మాత్రమే కాదు. మొత్తం! 50,000 వస్తే ఏమీ లేదు. 50,001 వస్తే 50,001కీ పన్ను!

మరి బంధువులంటే ఎవరు? ఇక్కడే మన తెలుగు వరసలూ చట్టం వరసలూ వేరైపోతాయి! అమ్మ, నాన్న, తాతలు, అవ్వలు, తోబుట్టువులు, పిల్లలు, మనవళ్లు సరే. పెదనాన్న, చిన్నాన్న, మేనత్త, పిన్నమ్మ, మేనమామ కూడా బంధువులే. భార్య అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా. కోడలూ అల్లుడూ సరే. చివరికి తోడల్లుడు కూడా బంధువే! వీళ్లు 50 లక్షలు ఇచ్చినా పుచ్చుకున్నవాళ్లకు పన్ను లేదు.

పెదనాన్న కొడుకును మనం ఏమని పిలుస్తాం? అన్నా అనే! చట్టం మాత్రం ఆయన్ను అన్నగా ఒప్పుకోదు! మేనమామ కొడుకు మనకు బావ. చట్టానికి పరాయి! అక్క మొగుడు మనకు బావ. చట్టానికీ బంధువే! ఒకే పిలుపు, రెండు లెక్కలు. ఇక బిడ్డనిచ్చిన వియ్యంకుడు? ఆయనా జాబితాలో లేడు. వియ్యంకుడి దగ్గర 50,000 దాటి కానుక పుచ్చుకుంటే పన్ను!

అన్నిటికంటే పెద్ద వింత ఇదీ. మేనమామ మేనల్లుడికి 5 లక్షలు ఇచ్చాడు. మేనల్లుడికి పన్ను లేదు. ఆ పిల్లోడే కువైట్ పోయి, సంపాదించి, నన్ను చదివించిన మామ అని ప్రేమగా 5 లక్షలు తిరిగి కానుకగా ఇచ్చాడు. ఇప్పుడు మామకు ఆ 5 లక్షలూ ఆదాయమే! ఎందుకంటే పుచ్చుకునేవాడి వైపు నుంచే వరస చూస్తారు. పుచ్చుకునేవాడి అమ్మానాన్నల తోబుట్టువులు జాబితాలో ఉన్నారు. తోబుట్టువుల పిల్లలు లేరు! ఈ ఒక్క వరసను చట్టం సరిదిద్దాలని నా గట్టి నమ్మకం.

కువైట్ మాట వచ్చింది కాబట్టి. అక్కడ జీతం మీద ఆదాయపు పన్ను సున్నా! ఉద్యోగానికి పోయి, ఆ ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజుల కంటే తక్కువ ఉంటే, ఆ జీతం మీద మామూలుగా మన దేశంలోనూ పన్ను లేదు. కడప జిల్లా ఇళ్లలో ఎన్ని పాస్‌పోర్టులు! వాటి మీద పడిన ముద్రలే రుజువులు. పాతవి పారేయకండి!

కువైట్ నుంచి భర్త పంపిన డబ్బు భార్యకు ఆదాయమా? కానే కాదు! ఎంత పంపినా ఆమె రూపాయి పన్ను కట్టక్కర్లేదు. ఆయన ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో వేసుకున్న డిపాజిట్ వడ్డీకీ పన్ను లేదు. అదే డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో ఉంటే? వడ్డీలో 30 శాతం అక్కడికక్కడే కోత! పేరులో తేడా ఒక్క అక్షరం.

ఆ 12 లక్షల సున్నా ఎన్‌ఆర్‌ఐలకు లేదు! ప్రొద్దుటూరులో ఇల్లు అద్దెకిచ్చి కువైట్‌లో ఉన్నాయనకు ఇక్కడి ఆదాయం 4 లక్షలు దాటితే పన్ను మొదలు.

బంగారం దగ్గరికి రాకుండా ప్రొద్దుటూరు ముచ్చట ముగుస్తుందా? రెండో బొంబాయి అని పేరు తెచ్చుకున్న ఊరు! బీరువా తీయండి. వెల్వెట్ పెట్టె, లోపల గుండ్రంగా చుట్టిన కాసులపేరు. ఐటీ సోదా జరిగినా పెళ్లయిన ఆడమనిషికి 500 గ్రాముల నగలు ముట్టుకోరు! అంటే 50 తులాలు. పెళ్లికాని అమ్మాయికి 250, మగవాళ్లకు 100 గ్రాములు. 1994 మే 11 నాటి ఆదేశం ఇది. ఇల్లంతా కలిపి కాదు, మనిషి మనిషికీ!

చాలామంది దీన్ని ఇంట్లో ఉంచుకోదగ్గ హద్దు అనుకుంటారు. తప్పు! ఎక్కడిదో చూపించగలిగితే ఎన్ని తులాలున్నా నేరం కాదు. అవ్వ ఇచ్చిందా? వీలునామా దాచండి. కొన్నదా? బిల్లు దాచండి.

పాత నగ ఇచ్చి కొత్త నగ తెచ్చుకున్నారా? చేతికి రూపాయి రాలేదు. అయినా చట్టం దృష్టిలో మీరు పాతది అమ్మినట్టే! రెండేళ్లు దాటిన బంగారమైతే లాభం మీద 12.5 శాతం. ఆ 12 లక్షల సున్నా ఈ లాభానికి వర్తించదు! కానీ ఇంటి ఇల్లాలికి వేరే ఆదాయం ఏదీ లేకపోతే, 4 లక్షల లాభం దాకా పన్ను పడదు.

అవ్వ పెట్టిన గొలుసు అమ్మితే లాభం ఎలా లెక్కేస్తారు? అవ్వ 1960లో వందల్లో కొని ఉంటుంది. ఆ వందలే అసలు ధరా? అక్కర్లేదు! 2001 ఏప్రిల్ 1 నాటి ధరను అసలు ధరగా పెట్టుకోవచ్చు. అవ్వ దగ్గర ఉన్న ఏళ్లు కూడా మీ ఖాతాలోకే!

నగల అంగడిలో 2 లక్షల నోట్ల కట్ట బల్ల మీద పెట్టారనుకోండి. తీసుకున్న అంగడాయనకు జరిమానా ఎంతో తెలుసా? ఆ 2 లక్షలూ! పొద్దున లక్ష, సాయంత్రం లక్ష అని విడగొట్టినా ఒకే రోజు కిందే లెక్క.

ప్లాటు బయానాకు హద్దు ఇంకా తక్కువ. నోట్ల రూపంలో 20,000 లోపే! అంతకు చేరితే పుచ్చుకున్నాయనకు అంత జరిమానా.

గబగబా ఇంకొన్ని! తాత నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తికి పన్ను సున్నా. ఒకప్పుడు ఉండేది, 1985లో ఎత్తేశారు.

ఆదాయం లేకపోయినా ఏడాది కరెంటు బిల్లు లక్ష దాటితే రిటర్న్ వేయాలి! విదేశీ ప్రయాణానికి 2 లక్షలు దాటి ఖర్చు పెట్టినా అంతే.

సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదిలో 10 లక్షల నోట్లు వేస్తే బ్యాంకే ఆ కబురు పంపేస్తుంది. మీరు రిటర్న్ తెరిచేసరికి అది మీ వార్షిక సమాచార పత్రంలో కూర్చుని ఉంటుంది!

75 ఏళ్లు దాటిన పెన్షనర్లు! మీ పెన్షనూ వడ్డీ ఒకే బ్యాంకులో పడుతూ, వేరే ఆదాయం లేకపోతే, ఒక్క డిక్లరేషన్ ఇవ్వండి చాలు. పన్ను లెక్క బ్యాంకే చూసుకుంటుంది. మీరు రిటర్న్ వేయక్కర్లేదు!

భార్యకు డబ్బిచ్చి ఆమె పేరున డిపాజిట్ వేశారా? వడ్డీ ఆమె ఖాతాలో పడుతుంది. పన్ను మీ ఖాతాలో! 100 రూపాయల వడ్డీ అయినా మీ ఆదాయంలోనే కలపాలి.

రీఫండ్ ఆలస్యమైతే ప్రభుత్వం మీకు నెలకు అర శాతం వడ్డీ ఇస్తుంది! ఆ వడ్డీకి మళ్లీ మీరు పన్ను కట్టాలి!

ఇప్పుడు పన్ను ఎక్కువ అంటున్నారా? 1973-74లో అన్నిటికంటే పై శ్లాబు ఎంతో ఊహించండి. 97.75 శాతం! ఆ శ్లాబులో వంద సంపాదిస్తే చేతికి మిగిలేది రెండు రూపాయల పావలా.

రిటర్న్ వేసే గడువు దాటిపోయిందా? డిసెంబరు 31 దాకా వేయవచ్చు. ఆదాయం 5 లక్షల లోపు ఉంటే రుసుము 1,000, దాటితే 5,000. డిసెంబరూ దాటిపోయిందా? అప్పుడూ తలుపు మూయలేదు! అసెస్‌మెంట్ ఏడాది ముగిశాక 4 ఏళ్ల దాకా అప్‌డేటెడ్ రిటర్న్ వేయవచ్చు. అయితే ఎంత ఆలస్యమైతే అంత అదనపు పన్ను. మొదటి ఏడాది 25 శాతం, నాలుగో ఏడాది 70 శాతం! రీఫండ్ కోసం మాత్రం ఇది పనికిరాదు.

ఆఖరి రహస్యం ఇదీ! ఆడిటరు దగ్గర కూర్చుని, కాగితాలన్నీ ఇచ్చి, ‘రిటర్న్ వేసేశాం’ అని ఇంటికొచ్చేస్తారు. కానీ వేసిన 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయకపోతే వేసిన రోజు లెక్కలోకి రాదు, వెరిఫై చేసిన రోజే వేసినట్టు! ఆధార్‌కు కట్టిన ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, ఒక్క నిమిషం పని. పోయిన ఏడాది మీ రిటర్న్ వెరిఫై అయిందో లేదో మీకు తెలుసా? ఇవాళే పోర్టల్ తెరిచి చూడండి!